భార్య వీసాకి నలభై ఫోటోలు

మా అక్కని ఈ వీధిలో పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ టచప్ అక్కే. పదిహేడో ఏట నుంచి ఒకే ఫోటో స్టూడియోలో, మెట్ల కింద గదిలో కూర్చుని జనం మొహాలు బాగుచేస్తోంది. మొటిమలు తీసేస్తుంది, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపిస్తుంది, మెల్లకన్నుని దారిలో పెడుతుంది. సంబంధాలకి పంపే ఫోటోలు దిద్దడంలో ఆమెకి పెద్ద పేరు. ఆ ఫోటోలు చూసి పెళ్లి చేసుకున్నవాళ్లు తర్వాత ఎవరిని తిట్టుకున్నారో నాకు తెలీదు. దేవుడు వదిలేసిన పని మా టచప్ పూర్తిచేస్తుందని ఓనరు గొప్పగా చెబుతాడు. జీతం పెంచమంటే మాత్రం ఆ దేవుణ్ణే అడగమంటాడు.

ఆ ఓనరుకి ఒక నియమం ఉంది. దిద్దిన ఫోటో సేవ్ చేయగానే దిద్దనిదాన్ని చెరిపేయాలి. ఎప్పుడో ఒక కస్టమరు పొరపాటున తన అసలు ఫోటో చూసుకుని, ఇది నేను కాదని కౌంటరు దగ్గర నానా రభస చేశాడట. అప్పటినుంచి ఆ షాపులో అసలు అనేది మిగలకూడదు. అక్కకి అది ఒంటబట్టిపోయింది. ఇంట్లో మా ఫోటోలక్కూడా అదే గతి.

నేను ఆమె చెల్లెల్ని. పళ్ల డాక్టరు దగ్గర టోకెన్లు ఇస్తాను. నా పెళ్లి రెండేళ్లకే బోర్లా పడి, పెట్టెతో సహా వెనక్కొచ్చాను కాబట్టి పెళ్లిళ్ల మీద నా అభిప్రాయం ఎవరూ అడగరు. నేనే చెబుతుంటాను. అమ్మ, అక్క, నేను, రెండు గదుల ఇల్లు. అక్క నలభై ఒకటో ఏట వరకూ పెళ్లి మాటెత్తకపోతే, ఇక ఈ ఇంట్లో మేమిద్దరం ఒకరి తల ఒకరం దువ్వుకుంటూ ముసలివాళ్లమైపోతామని నేను స్థిమితంగా ఉన్నాను.

అప్పుడు దిగాడు మహానుభావుడు. అతను లిఫ్టులు బిగించే మెకానిక్కు. చిన్నప్పుడే అవతలి దేశం వెళ్లి అక్కడి పౌరుడైపోయాడు. ఇక్కడ కొత్త ఆసుపత్రిలో లిఫ్టులు పెట్టడానికి కంపెనీ పంపిస్తే వచ్చి, గేటు పాసుకి ఫోటో కావాలని స్టూడియోకి వెళ్లాడు. ఫ్లాష్ వెలగ్గానే కళ్లు మూసేస్తాడు. పదకొండుసార్లు మూశాడు. మా అక్క జన్మలో ఎవరినీ విసుక్కోని మనిషి, కళ్లు తెరవండి బాబూ, నేనేం పాముని కాదు అని విసుక్కుంది. అంతే. ఆ మర్నాడు ఇంకో ఫోటో కావాలని వచ్చాడు. ఆ తర్వాతి వారం ఇంకోటి. ఒక్క గేటు పాసుకి ఎన్ని ఫోటోలు కావాలో ఆ ఆసుపత్రివాళ్లకే తెలియాలి.

అమ్మకి అతను నచ్చాడు గానీ, పెళ్లయ్యేదాకా ఇద్దరూ ఒంటరిగా తిరగడానికి వీల్లేదంది. వెంట చెల్లి ఉండాల్సిందే. నలభై ఒక్కేళ్ల ఆడమనిషికి ముప్పై ఆరేళ్ల కాపలా. అతను ఏడాదికి మూడు నాలుగుసార్లు పని మీద వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నా ఆదివారం కాస్తా గంగలో కలిసేది. పార్కుకి వెళితే నేను, నది వంతెన మీదికి వెళితే నేను, బస్టాండులో వీడ్కోలుక్కూడా నేను. అక్క చిన్న స్టాండు మీద కెమెరా పెట్టి, టైమరు నొక్కి పరుగెత్తుకొచ్చేది. అలా మూడేళ్లలో ముగ్గురం కలిసి వందల ఫోటోలు దిగాం.

ఇక పెళ్లి అనుకునేసరికి వీసా అడ్డొచ్చింది. అతనే ఇక్కడికి వచ్చేస్తానన్నాడు, పాపం. అక్కడి లైసెన్సు ఇక్కడ చెల్లదు, యాభయ్యో ఏట మళ్లీ హెల్పరుగా స్పానర్లు అందించాలి. అక్కే వద్దంది. సరే, మేం సెల్‌ఫోన్ల షాపు మీద ఉన్న వీసా ఏజెంటు దగ్గరికి వెళ్లాం. ఆయన వెనక గోడ మీద మూడు దేశాల టైములు చూపించే మూడు గడియారాలున్నాయి. మూడూ తప్పే.

రెండు దారులున్నాయి అన్నాడాయన. ఒకటి కాబోయే భార్య వీసా. పెళ్లి చేసుకోకుండానే దరఖాస్తు పెట్టొచ్చు, ఎనిమిది నెలల్లో వస్తుంది. అక్కడ దిగిన మూడు నెలల్లోపు పెళ్లి చేసుకోవాలి, లేకపోతే తిరుగు విమానం. రెండోది భార్య వీసా. ముందే ఇక్కడ పెళ్లి చేసుకుని, తర్వాత దరఖాస్తు పెట్టి, ఏడాదో ఏడాదిన్నరో మొగుడు అక్కడ, పెళ్లాం ఇక్కడ కూర్చోవాలి. మొదటిదే మంచిదని ఆయన మొదటి ఓటు వేశాడు.

ఇంటికొచ్చాక మిగతా ఓట్లు పడ్డాయి. వీసా అంటే స్టాంపో కాగితమో తెలియని మా పెదనాన్న, మొదటిదే తీసుకోండి, నచ్చకపోతే వాపసు వచ్చేయొచ్చు అన్నాడు. చెప్పులు కొనేటప్పుడు ఆయన ఇలాగే ఆలోచిస్తాడు. పెళ్లి కాకుండా పిల్లని దేశం దాటించేది లేదని అమ్మ. ఏడాదిన్నరలో మగాడి మనసు మారిపోతుందని మేనత్త. ఆవిడ మొగుడికి నలభై ఏళ్లుగా మనసు మారక ఆవిడ పడుతున్న బాధ మాకందరికీ తెలుసు. నేను మాత్రం ఏ వీసా ఆలస్యంగా వస్తుందో అదే మంచిదన్నాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

అక్క మర్నాడు మళ్లీ ఏజెంటు దగ్గరికి వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. దిగిన రోజు నుంచి పని చేసుకోనిస్తారా? కాబోయే భార్యకి కుదరదు, పెళ్లయి, మళ్లీ కాగితాలు పెట్టి, అవి వచ్చేదాకా ఆరేడు నెలలు ఇంట్లో కూర్చోవాలన్నాడు. భార్య వీసాకైతే మర్నాడే పనికెళ్లొచ్చు.

“అయితే భార్య వీసానే,” అంది అక్క. “ఏడాదిన్నర ఇక్కడ పనిచేసుకుంటూ ఎదురుచూస్తాను. అక్కడ ఖాళీగా ఒకరి తిండి తింటూ ఒక్క నెల కూడా కూర్చోలేను.”

అలా రిజిస్ట్రారు ఆఫీసులో ఒక మంగళవారం, తిరగని ఫ్యాను కింద, పెళ్లయింది. తొమ్మిది రోజులుండి బావ వెళ్లిపోయాడు.

పెళ్లయిందని రిజిస్ట్రారు సంతకం పెట్టి, సీలు కూడా వేశాడు కదా, చాలదా? చాలదట. ఈ పెళ్లి నిజంగా పెళ్లేనని నిరూపించాలి. ఫోన్‌లో మాట్లాడుకున్న లెక్కలు, రాసుకున్న మెసేజీలు, నలభై ఫోటోలు. సొంత మొగుడు బోంచేశావా అని అడిగినట్టు రుజువు చూపించడానికి మా అక్క రెండు వందల పేజీలు ప్రింటు తీయించింది. ఫోటోల్లో జంట మాత్రమే ఉండాలి, మూడో మనిషి కనబడితే ఆఫీసరుకి అనుమానం వస్తుందని ఏజెంటు సెలవిచ్చాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అక్క పదకొండు రోజులు మెట్ల కింద గదిలో కూర్చుని ఆ నలభై ఫోటోలూ తయారుచేసింది. నన్ను చూడనివ్వలేదు. నేనూ అడగలేదు.

పద్నాలుగు నెలలకి ఉత్తరం వచ్చింది. ఫోటోలు మార్చినట్టు, మనుషుల్ని అతికించినట్టు కనబడుతున్నాయి, మార్పులు చేయని అసలు ఫోటోలు తీసుకుని ఇంటర్వ్యూకి రావాలి. ఏజెంటు మొహం పాలిపోయింది. మోసం అని రాసేస్తే ఏడేళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టడానికి లేదన్నాడు. అక్కకి అప్పటికి నలభై ఐదు. ఏడు కలిపితే ఎంతో నేను చెప్పక్కర్లేదు.

“అసలువి ఏవే?” అన్నాను.

“చెరిపేశాను.”

“నలభై?”

“అన్నీ.”

బావ దగ్గరున్నవీ అక్క దిద్ది పంపినవే. ప్రపంచంలో ఎవరైనా తమ ప్రేమకి సాక్ష్యాన్ని తామే శుభ్రంగా తుడిచి, ఆ తుడిచిన గుడ్డ కూడా ఉతికి ఆరేస్తారా? మా అక్క ఆరేసింది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఆ రోజు అన్నం ముట్టకుండా పడుకుంది.

ఇంటర్వ్యూకి నేనూ వెళ్లాను. కాపలా ఉద్యోగం ఇంకా ఊడలేదు కదా. పొడవాటి హాలు, వరసగా ఇనుప కుర్చీలు, ఎదురుగా అద్దాల కిటికీలు. లోపలి ఆఫీసరు మైకులో మాట్లాడుతుంది, కాబట్టి ఒకరి కాపురం గురించి హాలంతా వినొచ్చు. అక్క నంబరు రాగానే వెళ్లి నిలబడింది. ఆఫీసరు ఫోటోలు పరిచింది. ఎండలో తీసినా, దీపం కింద తీసినా ఇద్దరి మొహాల మీదా ఒకే వెలుతురు ఎలా ఉందని అడిగింది. నేనే దిద్దాను మేడమ్, నా పని అదే అంది అక్క. అసలు ఫోటోలు ఎందుకు చెరిపేశారని అడిగితే అలవాటంది. నేను తలపట్టుకున్నాను. ఇంతకన్నా మేమే అతికించామని ఒప్పుకుంటే గౌరవంగా ఉండేది.

ఆఫీసరు ఒక ఫోటో తీసి అద్దానికి ఆనించింది. ఇందులో ఏం తీసేశారో చెప్పగలరా అంది.

అక్క తడుముకోలేదు. ఈయన ఎడమ చెవి వెనక గ్రీజు మరక తీశాను అంది. ఇంకోటి చూపిస్తే, ఆ వారం జ్వరం, కింది పెదవి పగిలింది, అది తీశాను. ఇంకోటి. చొక్కా రెండో గుండీ లేదు, పెట్టాను. ఆ మనిషి ఒంటి మీద ఏ నెలలో ఏ గీత పడిందో చూడకుండా అప్పజెబుతోంది. ఆఫీసరు రాసుకోవడం ఆపేసి వింటోంది.

“మీ పక్కన ఈ గోడ కొంచెం తేడాగా ఉందేం?”

“అక్కడ మా చెల్లెలుంది మేడమ్.”

“ఈ చెట్టు?”

“అదీ మా చెల్లెలే.”

హాలు హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వంతెన మీద నా బదులు నది, పార్కులో చెట్టు, బస్టాండులో టైమ్ టేబులు బోర్డు. మూడేళ్లు ఆదివారాలు ధారపోసినందుకు నన్ను నలభై చోట్ల లేకుండా చేసింది. ఏజెంటు చెప్పాడు కాబట్టే చేసిందని తెలుసు. అయినా కడుపు మండింది.

మీ చెల్లెలు ఎక్కడుందని ఆఫీసరు అడిగితే, అక్క వెనక్కి తిరిగి నన్ను చూపించింది. ఆమెని బయటికి పంపి, నన్ను పిలిచారు. చెట్టు ఫోటో చూపించి, ఇందులో మీరు ఏం చేస్తున్నారంది. వేరుశనక్కాయలు తింటున్నాను, పొట్టు బావ ఒళ్లో పడితే అక్క దులిపింది, అందుకే ఆమె చెయ్యి అక్కడుందని చెప్పాను. ఫోటోలో చెయ్యి సరిగ్గా అక్కడే ఉంది, ఆఫీసరు టిక్కు పెట్టుకుంది. అలా తొమ్మిదో పదో అయ్యాక ఫోటోలు పక్కన పెట్టేసింది.

“ఈ పెళ్లి నిజమైనదేనని మీరు నమ్ముతున్నారా?”

నేను కాస్త నసిగితే చాలు. ఒక్క మాట అటూ ఇటూ చేస్తే మా అక్క ఇంట్లోనే ఉంటుంది, ఏడేళ్లు, బహుశా ఎప్పటికీ. ఆ ఆలోచన రాలేదని చెబితే నా అంత అబద్ధాలకోరు ఉండదు. వచ్చింది. బాగానే వచ్చింది.

“మూడేళ్లు వాళ్ల మధ్య కూర్చున్నాను మేడమ్,” అన్నాను. “అతను ఏం చెప్పినా మా అక్క పని ఆపి వింటుంది. ఆమె మాట్లాడితే అతను ఫోన్ మోగినా తియ్యడు. నా మొగుడితో రెండేళ్లున్నాను, ఒక్కపూట కూడా ఆయన నా మాట అలా వినలేదు. అబద్ధపు పెళ్లి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదు.”

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు థాంక్యూ అంది.

బయట మెట్ల మీద కూర్చున్న అక్క, ఏం చెప్పావే అని అడిగింది. నిన్ను వదిలించుకోవాలని ఉంది, త్వరగా పట్టుకుపొమ్మని చెప్పానన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఇంటికి వెళ్లేదాకా వదల్లేదు.

పందొమ్మిది రోజులకి వీసా వచ్చింది. తన సలహా వల్లే వచ్చిందని చెప్పి ఏజెంటు గోడ మీద అక్కాబావల ఫోటో తగిలించాడు, అందులోనూ నేను లేను. తను ముందే చెప్పానని పెదనాన్న, ఏం చెప్పాడో ఆయనకీ గుర్తులేదు. అంతా అల్లుడి మంచితనమని అమ్మ. ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకోనీ. మా అక్కని నా నోటితో నేనే పంపించాను.

ఆమె వెళ్లి ఇవాళ్టికి ఆరు రోజులు. దిగిన మర్నాడే ఏదో స్టూడియోకి వెళ్లి పని అడిగిందట, సోమవారం రమ్మన్నారట. పొద్దున ఫోన్ చేసి, ఆ సంగతంతా చెప్పి, తిన్నావా అని అడిగింది. తిన్నానని చెప్పాను. తినలేదు.