సంతకం పెట్టను, ఇల్లు వదలను

మా ఎదురు ఫ్లాటులో కిరాయికుంటున్న అమ్మాయి నార్సింగిలో ఇల్లు కొనుక్కుంటోంది. మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే మా ఇంట్లోకి వచ్చి సోఫాలో కూలబడింది. రిజిస్ట్రేషన్ ఇంకో రెండు వారాలు వెనక్కి పోయిందట, బ్యాంకు నుంచి ఏదో కాగితం రావాలట. ఇంత హింస ఇంకెవరైనా పడి ఉంటారా ఆంటీ అని అడిగి, నేనిచ్చిన టీ సగమైనా తాగకుండా ఫోన్ మోగితే లేచి వెళ్లిపోయింది. ఆ పిల్ల బాధను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. సొంత ఇంటి కోసం ఎదురు చూసేవాళ్లకు రెండు వారాలు కూడా గడవవు. కానీ ఆమె వెళ్లాక కప్పులు కడుగుతుంటే నవ్వొచ్చింది. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా బయానా ఇచ్చిన ఇంట్లోకి, అది ఇంటర్ పరీక్షలు రాస్తుండగా అడుగుపెట్టినవాళ్లం మేము.

నా వయసు వాళ్లకు ఆ రోజుల నానక్‌రామ్‌గూడ గుర్తుండే ఉంటుంది. ఓ పక్క అద్దాల మేడలు లేస్తుంటే, వాటి నీడలోనే పాత ఊరి సందులు, పెంకుటిళ్లు, సందు మొదట్లో మనుషులు నిండేదాకా కదలని షేర్ ఆటోలు. మాది తెనాలి దగ్గర పల్లె. నేను గచ్చిబౌలిలో ఓ పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేరాను, మా ఆయన ఓ బడిలో లెక్కలు చెప్పేవారు, అత్తగారు మాతోనే ఉండేవారు. ఆ సందుల్లో మేము ఏ ఇంట్లో చేరితే ఆ ఇంటికి కాలం మూడేది. కాపురం కుదుటపడేలోగా ఇంటి ఓనరు వచ్చి, ఏమనుకోకండి, బిల్డరుకిచ్చేశాం, నెలాఖరుకి ఖాళీ చేయాలనేవాడు. నేను చారు కాచిన వంటింటి చోట ఇప్పుడు ఎవరివో కార్లు నిలబడి ఉన్నాయి. మూడోసారి మారాక మా అత్తగారు ఇత్తడి సామాను మూటలు విప్పనివ్వలేదు. విప్పడమెందుకు, మళ్లీ కట్టడమెందుకు అనేవారు. క్రిస్మస్‌కి కూడా అరిసెల పాకం పక్కింటి వాళ్ల గిన్నెలో పట్టాం.

అలాంటప్పుడు గోపన్‌పల్లిలో ఓ చిన్న అపార్టుమెంటు లేస్తోందని మా ఆయనకు ఎవరో చెప్పారు. ఊరి రైతు ఒకాయన, మేమంతా పెద్దాయన అనేవాళ్లం, తన పొలం బిల్డరుకిచ్చాడు. కట్టిన ఫ్లాట్లలో కొన్ని పెద్దాయనవి, మిగిలినవి బిల్డరు అమ్ముకుంటాడు. మొదట్లోనే మాట ఇచ్చినవాళ్లం కాబట్టి భూమిపూజకు మమ్మల్నీ పిలిచారు. చర్చికి వెళ్లేవాళ్లమే అయినా వెళ్లి ఓ పక్కన నిలబడ్డాం. పెద్దాయన కొత్త పంచె కట్టుకుని, భార్యతోనూ కొడుకులతోనూ కొబ్బరికాయ కొట్టడం చూశాం. వచ్చింది పట్టుమని పదిమంది కూడా కాదు కాబట్టి ఎవరెవరున్నారో నాకు బాగా జ్ఞాపకం.

బ్యాంకు అప్పు వచ్చింది, గోడలు లేచాయి, రంగులు కూడా పడ్డాయి. రిజిస్ట్రేషన్ రోజున సెలవు పెట్టి, కొత్త చీర కట్టుకుని ఆఫీసు బల్ల ముందు నిలబడితే, ఆ భూమి మీద కోర్టు స్టే ఉందనీ, రిజిస్ట్రేషన్ కుదరదనీ అక్కడి గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు. పెద్దాయనకు ఓ చెల్లెలుందని అప్పుడే మాకు తెలిసింది. తండ్రి భూమిలో తనకూ వాటా ఉంది, అది తేల్చేదాకా ఏదీ అమ్మకూడదని ఆమె కేసు వేసింది.

ఇక వాయిదాలు మొదలయ్యాయి. కోర్టు ఊరికి ఆ చివరెక్కడో ఉండేది. డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకుని, రెండు బస్సులు మారి వెళ్తే, జడ్జిగారు సెలవనో, వకీళ్లు విధులు బహిష్కరించారనో, ఫైలు పై అంతస్తు నుంచి దిగలేదనో చెప్పి పంపేవాళ్లు. ఓసారి పెద్దాయన కొడుకుల్లో ఒకరికి నోటీసు అందలేదన్నారు. ఆ కొడుకు మా వెనక బెంచీ మీదే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆసుపత్రిలో రోగిని ఆలస్యంగా చూస్తే ఎవరో ఒకరు నిలదీస్తారు. ఇక్కడ ఎవరిని నిలదీయాలో తెలిసేది కాదు. కొన్నాళ్లకు కొనుగోలుదారుల్లో చాలామంది రావడం మానేశారు. ఐటీ ఉద్యోగాలు, సెలవులు దొరకవు. నేను మాత్రం మానలేదు. వెళ్లినందువల్ల ఏమవుతుందని మా ఆయన అడిగితే, మన ఇంటి గురించి మనం లేని చోట మాట్లాడుకోవడం నాకిష్టం లేదన్నాను.

మొండితనం మనిషిని ఎక్కడికైనా తీసుకెళ్తుంది. నన్ను నార్సింగిలో ఆ చెల్లెలి గుమ్మం దాకా తీసుకెళ్లింది. ఆడవాళ్లు నలుగురు వెళ్లి కూర్చుంటే ఆమె కరుగుతుందని బిల్డరు మేనేజరే పంపాడు. గట్టిగా నాలుగు మాటలు అనాలనే వెళ్లాను. భర్త పోయి, రెండు బర్రెలు పెట్టుకుని, కూతురితో ఉంటోంది. మమ్మల్ని చూసి ఎవరో ఏమిటో అడక్కముందే మంచినీళ్లు తెచ్చిచ్చింది. మా ఇళ్ల మార్పులు, పిల్ల చదువు, అత్తగారి మోకాళ్లు అన్నీ ఏకరువు పెట్టాను. ఆమె అంతా విని, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మీ పరేషాన్ నాకు సమజైంది బిడ్డా. మా నాయిన పోయినంక గా భూమి దిక్కు నన్ను రానియ్యలే. పసుపుకుంకుమకని చీర పెడితే అయిపోయిందన్నరు. మీది మీరు అడుగుండ్రి. నాది నేను అడుగుత."

తిరిగి వస్తుంటే ఆటోలో ఆ మాటలే నెమరువేసుకున్నాను. ఆమె అడిగినదాంట్లో తప్పేమిటో నాకు దొరకలేదు. ఇంటికొచ్చి వెతికినా దొరకలేదు.

తర్వాత కొద్ది రోజులకే, కట్టి ఖాళీగా పడున్న మా అపార్టుమెంటు సెల్లార్‌లో మేనేజరు అందరినీ కూర్చోబెట్టాడు. స్టే ఎత్తేయించడానికి దారి దొరికిందన్నాడు. భూమిపూజ రోజున ఆ చెల్లెలు కూడా వచ్చి, సంతోషంగా అక్షింతలు వేసి వెళ్లిందనీ, అన్నీ తెలిసే ఇన్నాళ్లు నోరు మెదపలేదనీ కోర్టులో ప్రమాణపత్రం వేయాలి. ఆ రోజు అక్కడున్న కొనుగోలుదారులు మేము ఒక్కళ్లమే. మా ఆయనా నేనూ సంతకం పెడితే చాలు, నెల తిరక్కుండా ఇళ్లల్లోకి వెళ్లిపోవచ్చు. కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. అందరూ నా వైపు ఎంత ఆశగా చూశారో చెప్పలేను. ఓ అమ్మాయి ఏడో నెల కడుపుతో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది.

"ఒక్క సంతకమే గదమ్మా, గింత ఆలోచించుడు ఎందుకు?" అన్నాడు మేనేజరు, పెన్ను మూత తీసిస్తూ.

"ఆమెను నేనక్కడ చూడలేదండి. చూడలేదని కావాలంటే రాసిస్తాను."

సెల్లార్ అంతా ఒక్కసారి లేచింది. నీతులు ఎవరికి కావాలన్నారు, ఆమె దగ్గర ఏం తీసుకున్నారన్నారు. ఏడుపొచ్చింది కానీ వాళ్ల ముందు ఏడవలేదు. మా ఆయన అందరిలో నోరు తెరిచే మనిషి కాదు. పెన్ను మూత పెట్టి మేనేజరు చేతిలో పెట్టి, పద అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు పెళ్లినాటికన్నా ఎక్కువ ప్రేమ పుట్టింది.

మర్నాటి నుంచి కథ మారింది. ఇష్టం లేకపోతే మీ డబ్బు మీరు తీసుకుని వెళ్లిపోండని మేనేజరు మొదలుపెట్టాడు. అప్పటికి గోపన్‌పల్లిలో ధరలు ఎంత పెరిగాయో మీకు చెప్పక్కర్లేదు. మేము తప్పుకుంటే మా ఫ్లాటు కొత్త ధరకు అమ్ముకోవచ్చు. రోజూ ఫోను చేసేవాడు. ఓసారి డ్యూటీలో ఉండగా ఆసుపత్రికే వచ్చాడు. సంతకం పెట్టను, ఇల్లు వదలను, ఇంకేమైనా ఉంటే వాయిదాకు రండి, అక్కడ నేనెప్పుడూ ఉంటానని చెప్పి వార్డులోకి వెళ్లిపోయాను. ధైర్యంగానే అన్నాను గానీ, ఆ పూట ఇంజెక్షన్లన్నీ పక్క నర్సు చేత వేయించాను. ఆ నెలలోనే నానక్‌రామ్‌గూడ ఇల్లూ కూల్చివేతకు వచ్చి మళ్లీ మూటలు ఆటోకెక్కించాం. నీ మొండితనం వల్లే అని అత్తగారు అంటారేమోనని భయపడ్డాను. ఆవిడ ఆటోలో మూట మీద చెయ్యేసి కూర్చుని, అబద్ధం మీద కట్టిన ఇంట్లో ప్రార్థన ఎలా చేస్తానమ్మాయ్ అని మాత్రం అన్నారు.

కోర్టులో నాకూ ఆ చెల్లెలికీ ఒకే బెంచీ. మొదట్లో ఎడంగా కూర్చునేవాళ్లం. ఓ ఎండాకాలం ఆమె ఉడకబెట్టిన పల్లీలు పొట్లం కట్టి తెచ్చి నా వైపు జరిపింది. మరో వాయిదాకు నేను పులిహోర తీసుకెళ్లాను. తిరుగు దారి ఒకటే కాబట్టి బస్సులోనూ షేర్ ఆటోలోనూ పక్కపక్కనే కూర్చునేవాళ్లం. మాతో కొన్నవాళ్లలో ఒకాయన చూసి, శత్రువుతో ఆటోలో తిరుగుతున్నానని అందరికీ చెప్పాడు. ఆటోలో సీటుకు వాదీ ప్రతివాదీ ఉండరని కబురు పంపాను.

ఇలా కూర్చుంటే మన జుట్టు నెరుస్తుంది తప్ప కేసు కదలదని నాకు అర్థమైంది. సంతకం గొడవ తర్వాత కూడా నాతో మాట్లాడుతున్న రెండు కుటుంబాలను, అందులో ఆనాడు కడుపుతో ఉన్న అమ్మాయిది ఒకటి, అప్పటికి ఆమె చంకలో బిడ్డ, వెంటబెట్టుకుని ఓ లాయరమ్మ దగ్గరకు వెళ్లాం. కేసులో మమ్మల్నీ చేర్చమని కోర్టును అడిగాం. చేర్చడానికే మళ్లీ ఎన్ని వాయిదాలు పడ్డాయో ఆ దేవుడికి తెలియాలి. చేరాక మా లాయరమ్మ లేచి ఒకే మాట చెప్పింది. పెద్దాయనకు వచ్చే ఫ్లాట్లలోంచి చెల్లెలి వాటా ఇచ్చేస్తే కొనుగోలుదారులకు ఏ అభ్యంతరమూ లేదు, ఎవరి ఇల్లూ ఆగదు. అంతవరకు ఆమె ఒక్కతే అందరికీ అడ్డం అని బిల్డరు చెబుతూ వచ్చిన వాదన అక్కడితో కూలిపోయింది.

రాజీకి కూర్చోమన్నారు. చిన్న గది, ఫ్యాను లేదు. రాజీ చేయించే ఆయన, అందరూ సరేనంటుంటే నీకేమిటయ్యా అడ్డమని పెద్దాయనను సూటిగా అడిగాడు. పెద్దాయన తల దించుకునే జవాబిచ్చాడు.

"ఇయ్యనని కాదు సార్. కోర్టుల నిలబెట్టి అడిగిందని కోపం."

ఆమె కుర్చీలోంచి కదల్లేదు, గొంతూ పెంచలేదు. "ఇంట్ల అడిగితే తలుపు పెట్టుకుంటివి గదనే అన్నా. ఇగ యాడ అడగాలె?"

ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, రెండు ఫ్లాట్లు దానికి రాయుండ్రి అన్నాడు. చెల్లెలి వైపు మాత్రం చూడలేదు. ఆ తర్వాత కూడా వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. కాగితం మీద రాజీ కుదిరినంత తేలిగ్గా మనుషుల మధ్య కుదరదు.

మేము ఇంట్లో చేరిన రోజు పాస్టరు గారు ప్రార్థన చేశారు. అత్తగారు ఇత్తడి సామానంతా తానే విప్పి, చింతపండు పెట్టి తోమించారు. ఆరోజు సెల్లార్‌లో నన్ను తిట్టిన వాళ్లలో చాలామంది వచ్చి భోజనం చేశారు. ఎవరూ పాత మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పెద్దాయన చెల్లెలు తన ఫ్లాటు ఒకటి కిరాయికిచ్చి, రెండోదాంట్లో కూతురితో దిగింది. తన నాయిన జొన్న వేసిన చోటు ఇదిగో, సరిగ్గా మీ లిఫ్టు కాడ అని అందరికీ చూపించేది. టెర్రేస్ మీద మిరపకాయలు ఎండబెట్టకూడదని అసోసియేషన్ వాళ్లు రూలు పెడితే, బోర్డు చదవడం తనకు రాదని చెప్పి దాని కిందే ఎండబెట్టేది. చదువు వచ్చిన నేను ఆమె పక్కన కూర్చుని తొడిమలు తీసేదాన్ని.

అత్తగారు ప్రభువు దగ్గరకు వెళ్లిపోయారు. పెద్దాయన చెల్లెలు కూడా మొన్నటి వానాకాలం పోయింది. మాతో కొన్నవాళ్లలో సగంమంది అమ్ముకుని ఇంకా పెద్ద ఇళ్లకు మారారు. అప్పట్లో మా బాల్కనీలోంచి ఓ జొన్నచేను, దాని వెనక విశ్వవిద్యాలయం వైపు రాళ్ల గుట్టలు కనిపించేవి. ఇప్పుడు ఎవరిదో వంటింటి కిటికీ కనిపిస్తుంది. ఇప్పటి రిజిస్ట్రేషన్లు చకచకా అయిపోతాయి, అందుకు సంతోషమే, నా తిప్పలు ఎవరికీ వద్దు. కానీ ఇన్ని వేలమంది ఈ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కుంటున్నా, తమ అంతస్తు కింద ఉన్న నేల ఎవరిదో, అందులో ఏ చెల్లెలికి వాటా ముట్టిందో ముట్టలేదో తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు ఎక్కడైనా కొత్తగా రేకులు కట్టి తవ్వుతుంటే ఆగి, ఇది ఎవరి భూమి బాబూ అని వాచ్‌మన్‌ను అడుగుతాను. కంపెనీది అంటాడు. అంతకుముందు అంటే నవ్వుతాడు. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని లాగుతూ, నీకెందుకమ్మా ఇవన్నీ అంటుంది. ఆ మాట వినీ వినీ నాకు అలవాటైపోయింది. అడగడం మాత్రం మానలేదు.