పన్నెండింటికి పడే తాళం

మా తోటికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను. వరసకి పెద్దదని కాదు, నిజంగా అక్కలాగే చూసుకుంది కాబట్టి. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటంతా నేను పూడుస్తున్నానని మా బావగారు ఎగతాళి చేస్తుంటారు. చెయ్యనీండి. ఆవిడ సంగతి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కదా!

అక్కది పెద్దాసుపత్రి లాండ్రీలో పని. నేలమాళిగలో, కిటికీ అన్నదే లేని గది. వార్డుల్లోంచి దుప్పట్లు మూటలు మూటలుగా దిగుతాయి. ఉతికి ఆరబెట్టినవి మిషన్లోంచి కాలిపోతున్నట్టు బయటికొస్తుంటే ఇద్దరు చెరో కొసా పట్టుకుని మడవాలి. పొద్దున ఆరింటికి దిగిన మనిషి రెండింటికి పైకొస్తుంది. మళ్ళీ నాలుగింటికి ఒక ఇంట్లో, మంచాన పడ్డ ముసలాయన దగ్గర పని, రాత్రి దాకా. మధ్యలో ఆ రెండు గంటలే ఆవిడ సొంతం.

షుగర్ ఉందని తేలినప్పుడు డాక్టరుగారు ఒకటే మాట అన్నారు. "రోజూ చెట్ల గాలిలో నడవమ్మా. లేకపోతే ఇన్సులిన్ సూదులు తప్పవు." అక్కకి సూదంటే చచ్చేంత భయం. వాళ్ళమ్మ పొట్టంతా సూది మచ్చలే, ఆవిడ చివరి రోజుల్లో ఆ సూదులు పొడిచింది అక్కే. ఇంక చెప్పాలా? అన్నం మానేసినా నడక మానలేదు.

ఆసుపత్రికీ మా ఇంటికీ మధ్య పార్కు ఉంది. మునిసిపాలిటీది, అంటే అందరిదీ. లాండ్రీ నుంచి నేరుగా అక్కడికెళ్ళి, చెప్పులు చేత్తో పట్టుకుని చెట్ల కింద తిరిగేది. ఆ వేళప్పుడు అక్కడ ఉండేది ఎవరనుకున్నారు? బెంచీల మీద కునుకు తీసే ఆటోవాళ్ళు, టిఫిన్ డబ్బా విప్పుకునే కూలీలు, ఊడ్చి ఊడ్చి నడుం పట్టేసిన ఆడవాళ్ళు. ఇంటికొచ్చేసరికి అక్క మొహం కడిగిన ముత్యంలా ఉండేది. రాత్రి పడుకుంటే నిద్ర పట్టేది. నా వంట మీద జోకులు కూడా వెయ్యడం మొదలెట్టింది! షుగరూ దిగింది, డాక్టరుగారు భేష్ అన్నారు.

తర్వాత ఒకరోజు గేటుకి తాళం కనిపించింది. పక్కనే కొత్త బోర్డు. పొద్దున పన్నెండింటి దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా మాత్రమేనట. వాచ్‌మన్‌ని అడిగితే, "నన్నేం చెయ్యమంటావమ్మా? వాకర్లంతా కలిసి పెద్దాఫీసులో చెప్పించారు. కనబడ్డవాళ్ళల్లా వచ్చి పడుకుంటున్నారట" అన్నాడు. చూశారా! కార్లో వచ్చి నడిస్తే ఆరోగ్యం, అలిసిపోయి కూర్చుంటే అసహ్యం!

"రోడ్డు మీద నడవచ్చుగా" అని మా ఆయన సలహా. ఫుట్‌పాత్ నిండా బళ్ళు, బస్సుల పొగ, నడినెత్తిన ఎండ. నాలుగు రోజులు అలాగే నడిచి, అయిదో రోజు కళ్ళు తిరిగి కిళ్ళీకొట్టు ముందు కూలబడింది. డాబా మీద తిరుగుదామంటే అక్కడ ఇంటివాళ్ళ నీళ్ళ ట్యాంకులు. సెలవు రోజొస్తే పార్కుకెళ్ళేది, కానీ వారానికో పూట అన్నం తింటే ఆకలి తీరుతుందా?

ఈసారి పరీక్షకి నేనూ తోడెళ్ళాను. కాగితం చూస్తూనే డాక్టరుగారు కసిరారు. "ఏమ్మా, నడక మానేశావా? మీకు ఎంత చెప్పినా అంతే. బద్ధకం!"

బద్ధకమట! రోజంతా నిలబడి ఊరందరి దుప్పట్లూ మడిచే మనిషికి! నా ఒళ్ళు మండిపోయింది. అక్క నా చెయ్యి గిల్లుతున్నా ఆగకుండా పార్కు గోలంతా చెప్పేశాను.

ఆయన మొహం వికసించింది. "ఓ, ఆ పార్కా? నేనూ రోజూ పొద్దున్నే నడిచేది అక్కడే. ఇదివరకు ఎంత చండాలంగా ఉండేదని! మధ్యాహ్నం గేటు వేయించాక అద్దంలా ఉంది. మా వాకర్స్ సంఘం చాలా కష్టపడింది. నేనే అధ్యక్షుణ్ణి."

నాకు నోట మాట రాలేదు. నాకు!

ఆయన గబగబా మందుచీటీ రాసి, "ఇంక మాత్రలతో లాభం లేదు, రేపట్నుంచి సూదే" అని నర్సుని పిలిచారు. ఎలా పొడుచుకోవాలో నేర్పడానికి నర్సు అక్క చీర కొంచెం పక్కకి జరిపి, పొట్ట మీద చర్మం పట్టుకుంది. అక్క నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళనీళ్ళు బొటబొటా రాలాయి. అప్పుడు, పెళ్ళై ఈ ఇంటికొచ్చాక నేను ఎప్పుడూ వినని గొంతుతో, డాక్టరుగారి వైపు తిరిగి అడిగింది.

"గేటు మీరు మూసి, సూది నాకు పొడుస్తారా సారూ?"

ఆయన బల్ల మీది గంట నొక్కి, తరవాతి మనిషిని రమ్మన్నారు.