బోణీ వేళకు వచ్చే నా కొడుకు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, బేరంలో నన్ను గెలిచేవాళ్లు జూలూరుపాడులోనే లేరని నేను మురిసిపోతున్న కాలంలోనే నా ఒక్కగానొక్క కొడుకు నా కళ్ల ముందే తాగుడు పాలయ్యాడు, ఆ సంగతి చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను.

మా నాన్నది దుకాణం, నాదీ కిరాణా దుకాణమే. అక్షరాలకంటే ముందు నేను నేర్చుకున్నది బోణీ మర్యాద. పొద్దున్నే మొదట వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపకూడదు, బోణీ కాకముందు ఏదీ ఉత్తగా ఇవ్వకూడదు, ఆ వేళ గొడవ అసలే పడకూడదు, పడితే ఆ రోజంతా గిరాకీ ఉండదు. ఆదివారం మందిరంలో చేతులెత్తి ఆరాధించేదాన్ని, సోమవారం మొదటి నోటును కళ్లకద్దుకొని స్తోత్రమంటూ గల్లాలో వేసేదాన్ని. నీ నమ్మకం యేసయ్య మీదా, ఆ నోటు మీదా అని అప్పుడెవరైనా అడిగివుంటే కోపం వచ్చేదే!

దుకాణంలో పెరిగిన బిడ్డకు తల్లి భయం తెలియకుండా ఉంటుందా? మా ప్రవీణ్ సరిగ్గా షట్టర్ ఎత్తే వేళకే వచ్చేవాడు. అరిచేవాడు కాదు, కొట్టేవాడు కాదు, తాగడానికి డబ్బులకు చెయ్యి చాపి మెల్లగా, "పొద్దుగాల్నే లొల్లెందుకమ్మా, బోణీ టైము" అనేవాడు. ఆ మాటకు నేను నోరు మూసుకొని డబ్బులు పెట్టేదాన్ని. అదీ గల్లాలోంచి తీస్తే బోణీ చెడుతుందని కొంగు ముడిలోంచి తీసి ఇచ్చేదాన్ని, చూడండి నా తెలివి!

ప్రార్థనలోనూ అదే బుద్ధి. "ప్రభువా, వీడు మానేస్తే మందిరానికి రెండు ఫ్యాన్లు పెట్టిస్తాను, మొత్తం మానకపోయినా ఆదివారమైనా తాగకుండా చూస్తే ఒకటి పెట్టిస్తాను" అని మొక్కాను. పరలోకపు తండ్రితో మిర్చి బేరమాడినట్టు ఆడాను సహోదరులారా, ఆయన నన్ను ఎంత ఓర్చుకున్నాడో!

కోడలు సునీత పాపను ఎత్తుకొని పినపాకలోని పుట్టింటికి బయలుదేరిన రోజు, మొగుణ్ణి అదుపులో పెట్టుకోవడం చేతకాలేదని నేనే దానిమీద విరుచుకుపడ్డాను. ఆ పిల్ల ఏడవలేదు. "ఆయన తాగే పైసలు ఎవరిస్తున్నరు అత్తమ్మా? నీ కొంగు కాదా?" అని బస్సెక్కింది.

అప్పుడైనా మారానా? లేదు. వాడు నెత్తురు కక్కుకుంటే దవాఖానాలో చేర్చాము, ఇంకా తాగితే బతకడని డాక్టరు నా ముఖం మీదే చెప్పాడు. ఇంటికి వచ్చిన వారానికే వాడు మళ్లీ షట్టర్ దగ్గర నిలబడ్డాడు, నేను మళ్లీ కొంగు విప్పాను. చావు కొనుక్కోవడానికి నా బిడ్డకు డబ్బులిచ్చాను. ప్రభువు క్షమించాడని నమ్ముతున్నాను, కానీ ఆ ముడి విప్పిన వేళ్లను నేనింకా క్షమించలేదు.

ఆ సాయంత్రం బియ్యం బస్తాల మధ్య మోకరించాను. ఈసారి ఫ్యాన్ల ఊసు రాలేదు. "తండ్రీ, నా దగ్గర ఇచ్చేది ఏమీ లేదు, వాడు నీవాడు, రేపు నా చెయ్యి కొంగు మీదికి పోకుండా పట్టుకో" అన్నాను. అంతే ప్రార్థన.

తెల్లవారాక వాడు వచ్చాడు, చెయ్యి చాపాడు.

"ఇయ్యను బిడ్డా."

"బోణీ పోతదమ్మా."

"పోనీ. దుకాణమే పోనీ. ఇయ్యను."

వాడు నా ముఖం చూసి, తక్కెడ ఎత్తి రోడ్డు మీదికి విసిరాడు. చక్కెరకు వచ్చిన ఆడమనిషి ఆ గోల చూసి వెనక్కి తిరిగింది. నా చెయ్యి మాత్రం కొంగు మీదికి పోలేదు, అది నా బలం కాదు, దేవునికే మహిమ! మధ్యాహ్నం దాకా ఒక్క గిరాకీ లేదు. అప్పుడు నా కొడుకు గోడ పట్టుకొని నడిచి వచ్చి, బస్తా మీద కూలబడి, "చేతుల వణుకు ఆగుతలేదమ్మా, దవాఖానకు తోల్కపో" అన్నాడు. షట్టర్ దించేసి ఖమ్మం బస్సెక్కించాను. మందు మాన్పించే వార్డులో చేర్చుకున్నారు, డాక్టర్లు వైద్యం చేశారు, సంఘం ఉపవాసముండి ప్రార్థించింది. మధ్యలో ఒకసారి జారి మళ్లీ తాగాడు, దాచను. ఆ తర్వాత వాడే నన్ను తోడు తీసుకొని ఆ వార్డుకు వెళ్లాడు.

ఇప్పుడు పొద్దున్నే షట్టర్ వాడే ఎత్తుతాడు. కోడలు ఇంకా తిరిగి రాలేదు, రమ్మని అడిగే ముఖం నాకు లేదు, దాన్ని క్షమాపణ మాత్రం అడిగాను. మొన్న పాపను చూపించి పోదామని వచ్చింది. అప్పటికింకా బోణీ కాలేదు. పాప సీసాలోని బిస్కెట్లు చూసి వేలు చూపించింది, ప్రవీణ్ మూత తీసి, ఆగి, నా వైపు చూశాడు. "ఇయ్యి బిడ్డా" అన్నాను. వాడు గుప్పెడు తీసి కూతురి చేతిలో పెట్టాడు. సునీత వాడి చేతుల వైపే చూస్తూ నిలబడింది. అవి వణకలేదు.

బిడ్డల కోసం దేవునితో బేరాలాడుతున్న తల్లులారా, తండ్రులారా, ఆయన మన దగ్గర కొనేది ఏమీ లేదు. భయంతో బిగించిన ఆ ముడిని ఆయన చేతిలో పెట్టండి. నాలా ఆలస్యం చేయకండి. నా కొడుకును నాకు బతికించి ఇచ్చిన ప్రభువుకే స్తోత్రం, ఆమేన్.