బందరు కాలువ మీద రెండో విమానం

కొండ మీద అమ్మవారి సాక్షిగా, నా జేబులో ఉన్న స్క్రూడ్రైవర్ సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారని తెలుసు. మా హ్యాంగర్‌లో నా మాటని సగానికి సగం తగ్గించి వినడం ఆనవాయితీ. ఈ ఒక్కసారికి తగ్గింపు లేకుండా చదవండి.

రెండేళ్ల కిందటి వేసవి. గన్నవరంలో పెద్ద విమానాలు ఆగే చోటికి దూరంగా, ఓ మూల మా రేకుల హ్యాంగర్. అందులో ఒకే ఒక్క విమానం: నాలుగు సీట్లు, ఒక ఇంజిన్. దాని రేడియోలు, మీటర్లు, తెరలు చూసుకునే టెక్నీషియన్‌ని నేను. ఈ పనిని ఏవియానిక్స్ అంటారు. మా ఆవిడ మాత్రం అడిగినవాళ్లకి "విమానాల కరెంటు మేస్త్రీ" అని చెబుతుంది.

విమానం వెంకటరత్నం గారిది. వన్ టౌన్‌లో ఇనుము వ్యాపారంతో పైకొచ్చి, తర్వాత సర్వే కంపెనీ పెట్టిన మనిషి. ఆ ఏడాది డెల్టా కాలువ కట్టలన్నిటినీ పైనుంచి ఫొటోలు తీసే పని ఆయనకి దొరికింది. కాలువలు ఎండి ఉన్నప్పుడే తీయాలి. నీళ్లు వదిలారంటే పని పోయినట్టే. విమానం నడిపేది కెప్టెన్ గ్రేస్. గుడివాడ అమ్మాయి. నాన్న అక్కడ చర్చిలో పాస్టరు. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. అందుకే ఆవిడ ఏదైనా వద్దంటే భయమేసేది.

ఒకరోజు పొద్దున్నే దిగి వచ్చి, గాజు గ్లాసు దించినంత నెమ్మదిగా హెడ్‌సెట్ నా బల్ల మీద పెట్టింది.

"మూర్తి గారూ, మీ డబ్బాలో దెయ్యం ఉందండీ."

ఆ డబ్బా సంగతి కాస్త చెప్పాలి. మామూలుగా విమానంలో ట్రాన్స్‌పాండర్ అనే పెట్టె ఉంటుంది. "నేను ఫలానా, ఇదిగో ఇక్కడున్నాను, ఇంత ఎత్తులో ఉన్నాను" అని రేడియోలో దండోరా వేస్తూ ఉండటం దాని పని. చుట్టుపక్కల విమానాలు వేసే దండోరాని పట్టుకుని, పైలట్ ముందున్న టాబ్లెట్ మీద చుక్కలుగా చూపించేది ట్రాఫిక్ రిసీవర్. గ్రేస్ డబ్బా అన్నది దీన్నే, సర్వే కోసం నేను కొత్తగా బిగించింది. ఏ చుక్కైనా మరీ దగ్గరకొస్తే "ట్రాఫిక్! ట్రాఫిక్!" అని చెవిలో అరుస్తుంది.

"కట్ట వెంబడి తిన్నగా పోతుంటే వెనకే వస్తోంది. నేను తిరిగితే పక్కకి వస్తోంది. సరిగ్గా నా ఎత్తే. తల తిప్పి చూస్తే ఖాళీ" అంది గ్రేస్.

"టవర్‌ని అడిగారా?"

"అడిగాను. నా దగ్గర్లో ఎవరూ లేరన్నారు. లేరని తెలిసినా, అది అరిచినప్పుడల్లా పక్కకి తప్పుకోవాల్సిందేగా. ఫొటోలన్నీ వంకర."

నేను హ్యాంగర్‌లోనే అన్నీ ఆన్ చేసి చూశాను. రిసీవర్ బుద్ధిగా కూర్చుంది. "నో ఫాల్ట్ ఫౌండ్" అని రాసి సంతకం పెట్టాను. లోపం దొరకలేదని దానర్థం. మా వృత్తిలో ఇంకో అర్థం కూడా ఉంది, బయటికి అనం: లోపం పైలట్‌లో ఉంది.

ఆ వారంలో ఆవిడ ముచ్చటగా మూడుసార్లు సర్వే మధ్యలో ఆపి వెనక్కొచ్చింది. మూడోసారికి వెంకటరత్నం గారి కారు హ్యాంగర్ ముందు ఆగింది.

"అమ్మా, భయమేస్తే చెప్పు, తప్పేం లేదు. హైదరాబాద్ నుంచి ఓ కుర్రాణ్ణి పిలిపిస్తా" అన్నాడాయన.

"భయం కాదండీ. లేని విమానాన్ని చూపించే తెర, ఉన్న విమానాన్ని చూపిస్తుందని ఏం నమ్మకం?"

"అయితే దాన్ని కట్టేసి నడుపు."

"కట్టేస్తాను. కానీ కాలువ గీత తప్పకుండా చూసుకుంటూ ఆకాశమంతా నేనొక్కదాన్నే చూడలేను. పక్క సీట్లో బయటికి చూసే మనిషిని పెట్టండి."

"మనిషంటే బరువమ్మా. బరువంటే పెట్రోలు." ఆయన నా వైపు తిరిగాడు. "సోమవారం దాకా చూస్తా మూర్తీ. దెయ్యమైనా పోవాలి, పైలటైనా మారాలి."

కారు వెళ్లిపోయింది. నేను రాసిన "నో ఫాల్ట్ ఫౌండ్" కాగితం బల్ల మీదే ఉంది. గ్రేస్ దాన్ని చూసి చూసి, "రేపు నాతో రండి" అంది.

విమానాలు బాగుచేస్తూ నెత్తిన వెంట్రుకలు ఊడాయి గానీ, అందులో ఎక్కి ఎగిరింది లేదు. "వంటవాడు వండినవన్నీ తింటాడా మేడమ్?" అన్నాను.

"ఉప్పైనా చూడాలి కదండీ."

అలా ఒప్పుకున్నాను. ఆ రాత్రి పడుకోలేదు, పొద్దున టిఫిన్ తినలేదు, ఎక్కాక బెల్టు ఎవరైనా విప్పుతారేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను. కానీ ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నా: ఈ అమ్మాయి సీటు పోతే నా సంతకం వల్ల పోకూడదు. దీని అంతు తేల్చకుండా దిగేది లేదు.

బందరు కాలువ మీదికి రాగానే వచ్చింది చుక్క. మా వెనకే. గ్రేస్ ఎడమకి తిప్పింది. చుక్క పక్కకి జరిగింది. "ట్రాఫిక్! ట్రాఫిక్!" నేను కళ్లు మూసుకుని అమ్మవారిని తలుచుకున్నా.

"కళ్లు తెరవండి మూర్తి గారూ. అది ఉన్నచోటు చూడండి. కాసేపటి కిందట మనం ఉన్న చోటే కదూ?"

తెరిచి చూశాను. ఇంకోసారి తిప్పమన్నాను. నిజమే. మేం వదిలిన చోట అది అడుగు పెడుతోంది. అప్పుడు బుర్రలో దీపం వెలిగింది. "టవర్‌ని అడగండి మేడమ్, మన ట్రాన్స్‌పాండర్ ఒక్క క్షణం ఆపుకోవచ్చా అని."

సరేనన్నారు. ఆపాం. చుక్క మాయం. మళ్లీ వేశాం. చుక్క హాజరు.

"మేడమ్," అన్నాను, "అది మనమే."

మా దండోరా మా రిసీవరే వింటోంది. విన్నది తెర మీదికి రావడానికి కాస్త ఆలస్యం, ఆలోగా మేం ముందుకి పోతాం. అందుకే వెనక నడుస్తున్నట్టు కనిపిస్తోంది. హ్యాంగర్‌లో ఎందుకు దొరకలేదంటే, నేల మీదున్న విమానాల్ని ఆ తెర అసలు చూపించదు.

దిగీ దిగగానే టాబ్లెట్‌లో సెట్టింగులు తెరిచాను. ప్రతి విమానానికీ అంకెలూ అక్షరాలూ కలిపి ఆరింటి అడ్రసు ఒకటి ఉంటుంది, ప్రపంచంలో ఇంకో విమానానికి ఉండదు. "ఈ అడ్రసు నాది, దీన్ని చూపించకు" అని రిసీవర్‌కి ముందే చెప్పి ఉంచాలి. బిగించిన రోజు నా చేత్తో నేనే కొట్టాను, ఎనిమిదితో మొదలవుతుంది. ఇప్పుడక్కడ తొమ్మిది ఉంది.

వెంకటరత్నం గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"నేనే మార్చా" అన్నాడు తడుముకోకుండా. "డబ్బా బిగించిన రోజు పూజ చేసి కొబ్బరికాయ కొట్టాక టాబ్లెట్ నా చేతికిచ్చావుగా. చూస్తే మొదటే ఎనిమిది! ఎనిమిది శని నంబరయ్యా. నా కారుకి లేదు, స్కూటరుకి లేదు, ఫోనుకి లేదు. విమానానికి ఉండనిస్తానా?"

"సార్, మన దేశంలో రిజిస్టరైన ప్రతి విమానం అడ్రసూ ఎనిమిదితోనే మొదలవుతుంది."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

"అందుకే ఈ వ్యాపారంలో ఎవడూ బాగుపడట్లేదు!"

గ్రేస్ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను తొమ్మిది తీసేసి శనిని మళ్లీ సింహాసనం మీద కూర్చోబెట్టాను.

కథ అక్కడితో అయిపోవాలి. కాలేదు. "తెర బాగైందిగా, ఇక పక్కన మనిషెందుకు?" అన్నాడాయన. గ్రేస్ ఒప్పుకోలేదు. "దెయ్యం పోయిందండీ. ఆకాశం ఖాళీ అయిందని ఎవరన్నారు?" చివరికి సోమవారం ఆయనే ఎక్కాడు, వెనక సీట్లో, తెర పనిచేస్తోందో లేదో తన కళ్లతో చూడ్డానికి. నన్ను కుడి పక్క కూర్చోబెట్టారు.

ఉయ్యూరు దాటాం. టాబ్లెట్ కడిగిన పళ్లెంలా ఉంది. వెంకటరత్నం గారు వెనకనుంచి వంగి చూసి మురిసిపోయాడు. "చూశావా అమ్మా? ఒక్క చుక్క లేదు. ఆకాశం మొత్తం మనదే."

నేనూ దాన్నే చూస్తున్నాను. మరి నా చేతిపనాయె.

"మూర్తి గారూ, తెర కాదు. బయట. కుడివైపు మీది" అంది గ్రేస్.

బయటికి చూశాను. ఎదురుగా, కుడివైపు నుంచి, మా ఎత్తులోనే పసుపుపచ్చ గుడ్డ ఒకటి పెద్దదవుతోంది. నోటికి ఏ మాటా రాలేదు, ఒకటి తప్ప.

"మేడమ్, చీర!"

ఎక్కడ అని అడగలేదు ఆవిడ. విమానం ఎడమకి ఒరిగింది, నా కడుపు కుడివైపే ఉండిపోయింది. అది పారామోటార్. వీపుకి ఇంజిన్, నెత్తిన పారాచూట్ లాంటి గుడ్డ, మధ్యలో వేలాడుతూ ఒక మనిషి. అతని వెనక పొడుగాటి బ్యానర్, ఏదో కోచింగ్ కాలేజీది. వరసగా ర్యాంకర్ల మొహాలు, "అడ్మిషన్లు జరుగుతున్నవి". ర్యాంకర్లంతా నవ్వుతూ మా రెక్క పక్కనుంచి వెళ్లిపోయారు. టాబ్లెట్ అలాగే ఉంది, ఒక్క చుక్క లేకుండా. దండోరా వేసే పెట్టె లేనివాడు తెరకి లేనట్టే.

"మా మనవడి కాలేజీ!" అన్నాడు వెనకనుంచి వెంకటరత్నం గారు.

దిగాక రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, భయమన్నాను, తప్పు నాది. క్షమించు" అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

ఆ రోజు నుంచి నేను బిగించే ప్రతి తెర గురించీ పైలట్లకి ఒకే మాట చెబుతున్నాను. ఇది ఉందన్నది ఉందో లేదో చూడండి. ఏమీ లేదన్నప్పుడు ఇంకా గట్టిగా చూడండి. ఇక "నో ఫాల్ట్ ఫౌండ్" అని రాసేముందు ఎగిరి చూస్తాను, బెల్టు రెండు చేతులతో పట్టుకునే.

ఇప్పుడు అమ్మవారికి సమాధానం చెప్పుకోవాలి. ఇందులో ఒకటి నేను కల్పించాను. బ్యానర్ అనుకుంటున్నారు కదూ? కాదు, ర్యాంకర్లు నిజం. శని నంబరూ నిజమే. చీర అని అరిచిందీ నిజమే, హ్యాంగర్‌లో ఇప్పటికీ నన్ను అలాగే పిలుస్తారు. కల్పించింది ఆ క్షమాపణ. జరిగి ఉండాల్సిందని రాశాను. ఆయన దిగి, మొహం తుడుచుకుని, ఎవరి వంకా చూడకుండా కారెక్కి పోయాడు.

అయితే మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి వన్ టౌన్ షాపులో గుమాస్తా ఒకాయన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కుడి సీట్లో బిగుసుకుని కూర్చుని ఉన్నాడు. "బయటికి చూడమన్నారండీ అయ్యగారు. రోజూ" అన్నాడు.

గ్రేస్ ఆయన బెల్టు బిగించి, "ఎడమ నాది, కుడి మీది" అంది.

కాలువలకి నీళ్లు వదిలేలోపు పని పూర్తయింది.