రాక్ పాట, భద్రాచలం బస్సు

నేను మనసిచ్చిన అమ్మాయి వస్తానన్న భద్రాచలం బస్సు కోసం జగదల్‌పూర్ బస్టాండులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, ఓ ఆటోలో ఇంగ్లీషు రాక్ పాట మోగింది. మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకున్న మిత్రులారా, ఆ గొంతు గుర్తుందా?

చిన్నప్పుడు మా ఊరు కోంటాలో పక్కింటి సరితక్క సాయంత్రమైతే ఇదే పాట పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని రోడ్డు వైపే చూసేది.

"ఏందక్కా, ఈ పాటగాడు గట్ల మొత్తుకుంటుండు?" అన్నాను ఓ రోజు.

"పిల్ల కోసం చూస్తుండురా. ఆమె వస్తలేదు."

"బస్సు లేటేమో అక్కా!"

విరహానికి మా ఊరెరిగిన కారణం అదొక్కటే. అక్క పకపకా నవ్వి, కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు బస్సు వచ్చింది. అందరూ దిగారు. తను లేదు.

"కోయీ ఆనేవాలా హై క్యా, భయ్యా?" అన్నాడు ఆటోవాలా, ఎవరైనా రావాలా అని.

"హా, బస్ లేట్ హై," అన్నాను, ఖాళీ బస్సుకు ఆనుకుని.