తల వంచమన్న అత్తమ్మ

దయ్యాల ముచ్చట మొదలైతే నవ్వి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఇందులో దయ్యం కూడా లేదు. జరిగింది మాత్రం పట్టపగలు, నా కళ్లముందే.

మా కుటుంబం హైదరాబాదు చిక్కడపల్లిలో స్థిరపడ్డాక ఎవరూ సొంతూరి వైపు చూడలేదు. రిటైరయ్యాక నాకు వంశవృక్షం పిచ్చి పట్టింది. నల్లగొండ వైపున్న మా ఊరికి పోయి, ముసలివాళ్లను అడిగి, ముత్తాతల పేర్లు కూడబెట్టాను. కానీ మా ఇల్లు ఎక్కడుండేదో ఒక్కరూ చెప్పలేకపోయారు. అదే నన్ను తొలిచేసేది.

నారాయణగూడలో ఉండే మా మేనత్తకు ఈ సంగతి తెలిసింది.

"నన్ను గూడ తోల్కపో కొడుకా. మా నాయిన పుట్టిన మన్ను ఒక్కసారి తొక్కి వస్త."

ఆమె పుట్టి పెరిగింది హైదరాబాదులోనే. ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. వాళ్ల నాయన ఊరి ముచ్చటే ఎత్తేవాడు కాదట. మోకాళ్ల నొప్పులున్నా, కారులో దారంతా నా నోట్లో సకినాలు కుక్కుతూనే ఉంది.

ఊళ్లో మల్లయ్య తాత మా వెంట వచ్చాడు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి. సర్కారు తుమ్మ మొలిచిన ఒక ఖాళీ జాగా పక్కనుంచి పోతుంటే, అత్తమ్మ అటు తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. నా మెడ పట్టి కిందికి వంచింది.

"తల పైలం. దర్వాజ కొడ్తది."

ఎదురుగా ఎండ తప్ప ఏమీ లేదు. పొట్టి మనిషైనా ఆమె కూడా వంగింది. కాలు ఎత్తి, దేన్నో దాటినట్టు అవతల పెట్టింది.

"దర్వాజ ఏడుంది అత్తమ్మా?" అని నవ్వాను.

సిగ్గుపడింది. "ఏమోరా. ఉన్నట్టే అనిపించింది."

తాత నవ్వలేదు. "మా నాయిన నొసట మచ్చ ఉండె. మీ ఇంటి దర్వాజ కొట్టిందని చెప్తుండె. ఆ ఇల్లు ఏడుండెనో నాకు ఎరుక లేకుండె" అన్నాడు.

పక్కింటి నుంచి గడ్డపార తెప్పించి, ఆమె కాలు ఎత్తిన చోటే తవ్వించాడు. జానెడు లోతులో గడప రాయి తేలింది. తొక్కి తొక్కి నడుమ అరిగిపోయి ఉంది.

పాత ఇళ్ల ద్వారాలన్నీ పొట్టివే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రాయి మీదే కూర్చున్నాను.

"గడప మీద కూసుంటార్రా?" అత్తమ్మ కసిరింది. చూస్తే, ఆమె చెప్పులు గడప బయటే విడిచి ఉన్నాయి. "లోపటికి రా."

వెళ్లాను. ఆ ఎండలో, ఆ తుమ్మచెట్ల మధ్య ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. ఎక్కడ కాలు ఎత్తాలో ఆమెకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.