గంగాధర్ మాస్టారి నిమ్మకాయలు

నిడదవోలు దగ్గర మా బడిలో గంగాధర్ మాస్టారి లెక్కల క్లాసు మొదలైతే పక్క గదిలో నా తెలుగు పాఠం మూలపడ్డట్టే. మూడు నిమ్మకాయలు ఒకదాని వెనక ఒకటి ఎగరేసి పట్టుకుంటూ, "చేతికొకటి ఉంటే గాల్లో ఎన్నర్రా?" అని కేకేసేవారు. "లాభం!" అని అరిచేవాళ్లు రైతుల పిల్లలు. ధాన్యం కొలిచేటప్పుడు వాళ్ల తాతలు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. "కుంచాలు కాదర్రా, కాయలు!" అని నవ్వేవారు మాస్టారు. ఆయనది ఒకటే సూత్రం. ముందు చేతుల్లోవి చూడాలి, మిగిలినవే గాల్లోవి.

కిందటేడు పక్షవాతం వచ్చింది. రాజమహేంద్రవరం ఆసుపత్రిలో నెల రోజులున్నారు. కాలు దారికొచ్చింది గానీ కుడి చెయ్యి రాలేదు. గిల్లినా తెలియదు. ఎవరేం అడిగినా "బాగానే ఉందండి" అనేవారు. ఆ మాటకే నాకు ఒళ్లు మండేది.

మొన్న సోమవారం బడికొచ్చారు. జేబులో ఉద్యోగం మానేస్తానన్న అర్జీ ఉంది. "ఎగరేయలేనివాణ్ణి, ఏం చెబుతానండి? ఈ ఒక్క క్లాసూ చూసి హెడ్మాస్టరుగారికి ఇచ్చేస్తాను" అన్నారు, బస్సు టైము చెబుతున్నట్టు. నేను నా పాఠం వదిలేసి ఆయన గది గుమ్మంలో నిలబడ్డాను.

కుర్చీలో కూర్చుని, కుడి చేతిని ఎడం చేత్తో ఎత్తి బల్లమీద వెల్లకిలా పెట్టుకున్నారు. ఎడం చేత్తో రెండు కాయలు ఎగరేశారు. ఒకటి పట్టుకున్నారు. రెండోది ఎటు పోయిందో చూసుకోలేదు. వంగి బల్ల కింద వెతికారు.

"ఇంకోటి ఏదర్రా?"

ముందు బెంచీలోంచి దేవిశ్రీ లేచింది. "ముందు చేతుల్లోవి చూడాలి కదండీ మాస్టారూ."

"ఇదిగో, ఒకటి" అని ఎడం చెయ్యి చూపించారు.

"ఇంకో చెయ్యి చూడండీ."

కుడి అరచేతి గుంటలో ఉంది నిమ్మకాయ. ఎప్పుడు పడిందో ఆయనకి తెలియదు. దానివంక చూసి, "ఈ చేతిని లెక్కలో వేసుకోలేదమ్మా" అన్నారు. మొహంలో ఏ మార్పూ లేదు.

"అయితే లెక్క తప్పేనండి" అంది దేవిశ్రీ, కనికరం లేకుండా.

బెల్లు కొట్టాక వరండాలో ఆ అర్జీ తెచ్చి నా చేతిలో పెట్టారు. హెడ్మాస్టరుగారికి ఇమ్మంటారేమో అనుకున్నాను.

"కాస్త చింపిపెట్టండి టీచరుగారూ. ఒక్క చేత్తో కుదరడం లేదు" అన్నారు.